మత్తు మందు మోతాదును యంత్రానికి అప్పగించవచ్చా?

ఆపరేషన్‌కు ముందురోజు సాయంత్రం వార్డులో రౌండ్‌కు వెళ్లినప్పుడు రోగులు అడిగే ప్రశ్నలు చాలా ఏళ్లపాటు ఒక్కలాగే ఉండేవి. "సిస్టర్, నొప్పి తెలుస్తుందా?" "మధ్యలో మెలకువ వస్తే ఎలా?" "మళ్లీ లేస్తాను కదా?" మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వైపు నుండి వచ్చే కుటుంబాలు పెరిగాక వీటికి ఇంకొకటి చేరింది. "మేడం, మత్తు ఇచ్చేది మనిషా, మిషనా? ఆటోమేటిక్ పంపులు వచ్చాయట కదా?" రోజంతా కంప్యూటర్ల ముందు పనిచేసే పిల్లలు కొందరు మిషనైతేనే నయమంటారు, అది అలిసిపోదు గనుక. ఊరి నుండి వచ్చిన వారి తల్లిదండ్రులు మాత్రం ఆ మాట వింటూనే మంచం కమ్మీ గట్టిగా పట్టుకుంటారు.

ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. అందుకే ఈ విషయం కాస్త వివరంగా రాస్తున్నాను. నేను మత్తు డాక్టరును కాను. ఆపరేషన్ థియేటర్‌లో వారి పక్కన నిలబడి, మందులు సిరంజిలోకి తీసి, పేరు రాసి అతికించి, లెక్క సరిచూసి అందించిన నర్సుగా నాకు తెలిసినంత చెబుతాను.

మూడు మందులు, మూడు పనులు

పూర్తి మత్తు అంటే ఒకే మందు అని చాలామంది అనుకుంటారు. అక్కడ జరగవలసిన పనులు మూడు. నిద్రపుచ్చడం, నొప్పిని అణచడం, కండరాలను వదులు చేయడం. ఈ మూడవది అన్ని ఆపరేషన్లకూ అవసరం ఉండదు. వాడినప్పుడు మాత్రం రోగి వేలు కూడా కదపలేడు, శ్వాస కూడా యంత్రమే అందించాలి. నిద్రపుచ్చే మందులలో ఇప్పుడు బాగా వాడుకలో ఉన్నది ప్రోపోఫాల్. తెల్లగా పాలలాగా ఉంటుంది. నరంలోకి ఎక్కేటప్పుడు కొంచెం మంట పుడుతుంది. "చెయ్యి మండుతోంది సిస్టర్" అంటూ ఉండగానే కళ్లు మూతపడతాయి.

ఎంత ఇవ్వాలన్నదే కష్టమైన సంగతి. పాతికేళ్ల కుర్రవాడికి సరిపోయిన మోతాదు డెబ్బై అయిదేళ్ల పెద్దాయనకు ఇస్తే బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. రక్తం పోయినవారికి, గుండె బలహీనంగా ఉన్నవారికి ఇంకా తక్కువ చాలు. రోజూ మద్యం తాగే అలవాటున్నవారికి ఎక్కువ పట్టవచ్చు. పోనీ ఒక మనిషికి ఒక మోతాదు అని రాసిపెట్టుకుందామన్నా కుదరదు. కత్తి పెట్టేటప్పుడు ఒకలా, లోపల పని నెమ్మదిగా సాగేటప్పుడు ఒకలా, చివర కుట్లు వేసేటప్పుడు ఒకలా, అవసరం మారుతూనే ఉంటుంది.

ఎక్కువైతే బీపీ పడిపోవడం, ఆలస్యంగా లేవడం ఉంటాయి. తక్కువైతే? బ్రిటన్, ఐర్లండ్ దేశాల మత్తు డాక్టర్లు 2014లో ప్రచురించిన పెద్ద సర్వేలో, సుమారు 19,000 పూర్తి మత్తులకు ఒకరు మధ్యలో మెలకువ వచ్చిందని తరువాత చెప్పినట్లు తేలింది. కండరాలు వదులుచేసే మందు వాడినవారిని మాత్రమే లెక్కిస్తే అది సుమారు 8,000 మందికి ఒకరు. అరుదైన సంగతే. అయితే ఆ ఒక్కరు చెయ్యి ఎత్తి "నాకు తెలుస్తోంది" అని చెప్పలేని స్థితిలో ఉంటారు. రోగులు అడిగే రెండవ ప్రశ్న అందుకే ఎప్పటికీ పాతబడదు.

ట్యాంకు, మోటారు

మీ అపార్ట్‌మెంట్ పైన నీళ్ల ట్యాంకును గుర్తు తెచ్చుకోండి. వాచ్‌మన్ మోటారు వేసి, మెట్లెక్కి చూసి, నిండాక దిగివచ్చి ఆపడం ఒక పద్ధతి. "అరగంట వేస్తే నిండుతుంది" అని లెక్కగట్టి గడియారం చూసి ఆపడం రెండవది. ట్యాంకులో సెన్సారు పెట్టి, నీళ్లు తగ్గగానే మోటారు దానంతట అది తిరిగేలా, నిండగానే దానంతట అది ఆగేలా చేయడం మూడవది.

మత్తు మందు విషయంలోనూ ఈ మూడు పద్ధతులే. మొదటిది అందరికీ తెలిసినదే. మత్తు డాక్టరు రోగి తల దగ్గర కూర్చుని, నాడి, బీపీ, ఆక్సిజన్, శ్వాస గమనిస్తూ తన చేత్తో మందు పెంచుతారు, తగ్గిస్తారు. ఈనాటికీ చాలా ఆసుపత్రులలో జరిగేది ఇదే.

రెండవ పద్ధతి పంపులు 1996లో మార్కెట్లోకి వచ్చాయి. రోగి వయసు, బరువు వంటి వివరాలు అందులో నమోదు చేసి, రక్తంలో మందు ఇంత స్థాయిలో ఉండాలి అని డాక్టరు చెబితే, లోపలి కంప్యూటరు లెక్కగట్టి సిరంజిని ఎంత వేగంగా తోయాలో నిర్ణయిస్తుంది. మొదట వేగంగా, తరువాత నెమ్మదిగా, శరీరం మందును ఖర్చు చేసుకునే తీరును బట్టి మార్చుకుంటూ పోతుంది. చాలా తెలివైన పంపు. కానీ అది రోగిని చూడదు. మనం చెప్పిన వివరాలనే నమ్ముతుంది. అందుకే అడ్మిషన్ రోజున "నిన్ననే చూసుకున్నాను సిస్టర్" అని మీరు చెప్పినా మేము మళ్లీ బరువు తూస్తాం, విసుక్కోకండి.

మూడవదే అసలు ఆటోమేటిక్ పద్ధతి. నుదుటి మీద ఒక పట్టీ అతికిస్తారు. అది మెదడు తరంగాలను పట్టి 0 నుండి 100 వరకు ఒక అంకెగా చూపిస్తుంది. పూర్తి మెలకువలో 100కు దగ్గరగా ఉంటుంది. పూర్తి మత్తులో 40కీ 60కీ మధ్య ఉంచాలని చూస్తారు. ఆ అంకెను కంప్యూటరు చదివి, 60 దాటుతుంటే మందు పెంచుతుంది, 40 కిందికి జారుతుంటే తగ్గిస్తుంది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికాలోని మేయో క్లినిక్‌లో బిక్‌ఫర్డ్ అనే డాక్టరు మెదడు తరంగాలతోనే మత్తు మందును నడిపించి 1950లో ప్రచురించారు. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ లేచింది 1998లో. అంటే దానికి దాదాపు యాభై ఏళ్ల ముందు సంగతి.

మన దేశంలో జరిగిన పని

ఇది విదేశీ వస్తువు అనుకునేవారికి ఒక సంతోషకరమైన విషయం. చండీగఢ్ పీజీఐలో డాక్టర్ జి. డి. పురి గారు, వారి సహచరులు ఇటువంటి పద్ధతినే మన దేశంలో తయారుచేశారు. పేరు క్లాడ్స్. మామూలు సిరంజి పంపును, నుదుటి పట్టీని కంప్యూటరుతో కలిపినది. దానిని సముద్ర మట్టానికి 3,505 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో కూడా వాడి చూసి 2012లో ఫలితాలు ప్రకటించారు. తరువాత దేశంలోని ఆరు కేంద్రాలలో 242 మంది రోగుల మీద పరీక్షించి 2016లో ప్రచురించారు. కొందరికి యంత్రం, కొందరికి డాక్టరు చేత్తో. అంకె అనుకున్న హద్దులో నిలిచిన సమయం యంత్రం నడిపినప్పుడు నూటికి సుమారు 81 పాళ్లు, చేత్తో ఇచ్చినప్పుడు సుమారు 55 పాళ్లు.

నాకు ఇందులో ఆశ్చర్యం లేదు. డాక్టరుకు చెయ్యవలసిన పనులు ఎన్నో. రక్తం ఎంత పోయిందో చూడాలి, సర్జన్‌తో మాట్లాడాలి, సెలైను మార్చమని మాకు చెప్పాలి, కాగితం మీద రాయాలి. యంత్రానికి ఒకటే పని. కొన్ని సెకన్లకొకసారి అంకె చూడడం, సిరంజిని చిటికెడు తోయడం. అలిసిపోదు, మాటల్లో పడదు. ఆ కుర్రవాళ్లు చెప్పినది నిజమే.

అయితే ట్యాంకు సెన్సారు సంగతి మీకూ తెలుసు. దానికి నాచు పడితే మోటారు తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు మెట్ల మీదుగా కిందికి వస్తాయి. దేనిని చూసి మందు ఎక్కువ తక్కువ చేయాలి, ఆ గుర్తును ఎంతవరకు నమ్మాలి? ఈ ప్రశ్న మీద నూట ముప్పై ఏళ్ల క్రితం ప్రపంచంలోని డాక్టర్లు వాదించుకున్నది మన హైదరాబాదు పేరు చెప్పుకొనే.

మూసీ ఒడ్డున క్లోరోఫాం తగవు

క్లోరోఫాం 1847లో ఎడిన్‌బరోలో వాడుకలోకి వచ్చింది. గుడ్డ మీద చుక్కలు చుక్కలుగా వేసి ముక్కు దగ్గర పట్టేవారు. ఎంతో మేలు చేసింది. మరుసటి సంవత్సరమే, 1848 జనవరిలో, ఇంగ్లండులో పదిహేనేళ్ల హన్నా గ్రీనర్ అనే అమ్మాయి కాలి గోరు తీయించుకోవడానికి వచ్చి క్లోరోఫాం కింద చనిపోయింది. కాలి గోరు కోసం! అప్పటి నుండి డాక్టర్లు రెండు వర్గాలయ్యారు. శ్వాసను గమనిస్తే చాలు, ఆగిపోయేది ముందు శ్వాసే అని ఎడిన్‌బరో వారు. కాదు, గుండే ఆగిపోవచ్చు, నాడి పట్టుకుని ఉండాలి అని లండన్ వారు.

ఎడిన్‌బరోలో చదువుకున్న ఎడ్వర్డ్ లారీ గారు హైదరాబాదులో రెసిడెన్సీ సర్జన్‌గా, ఇక్కడి మెడికల్ స్కూలు ప్రిన్సిపాల్‌గా ఉండేవారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో, అంటే తరువాత ఉస్మానియాగా మారిన చోట, ఆయన పద్ధతి శ్వాసను చూడడమే. 1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫాం కమిషన్ ఆయన మాటనే సమర్థించింది. లండన్‌లోని లాన్సెట్ పత్రిక నమ్మలేదు. అప్పుడు ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌనులు ఇచ్చి, మీరే ఒకరిని పంపి చూసుకోండి అన్నారు. లాన్సెట్ తరఫున డాక్టర్ లాడర్ బ్రంటన్ 1889లో హైదరాబాదు వచ్చారు. కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు, ఇలా నాలుగు వందలకు పైగా జంతువుల మీద పరీక్షలు జరిగాయి. గుండె మీద అనుమానంతో వచ్చిన బ్రంటన్ కూడా చివరకు లారీ గారి పక్షానికే వచ్చారు. క్లోరోఫాం నేరుగా గుండెను ఆపదు, శ్వాసను చూడండి, అదే చాలు అని కమిషన్ తీర్పు.

క్లోరోఫాం కింద చావులు మాత్రం ఆగలేదు. 1911లో లండన్‌లో గుడ్‌మన్ లెవీ అనే డాక్టరు కారణం చూపించారు. పిల్లుల మీద చేసిన పరీక్షలలో, క్లోరోఫాం తక్కువగా ఉన్నప్పుడు, అడ్రినలిన్ ఒంట్లోకి చేరితే గుండె లయ తప్పి ఒక్కసారిగా కొట్టుకోవడం మానేసింది. అడ్రినలిన్ అంటే భయపడినప్పుడు మన ఒంట్లో పుట్టేదే. భయంతో వణికే రోగికి అరకొరగా క్లోరోఫాం ఇస్తే ఏమవుతుందో ఊహించుకోండి. శ్వాస చక్కగా ఆడుతూ ఉండగానే గుండె ఆగిపోవచ్చన్న మాట. శ్వాసను కళ్లు ఆర్పకుండా చూసే డాక్టరుకు ఆ ప్రమాదం ముందుగా కనిపించే వీలే లేదు.

లారీ గారిని తక్కువ చేసి మాట్లాడడం నాకు ఇష్టం లేదు. శ్వాసను గమనించమని ఆయన నేర్పినది ఈనాటికీ మేము పాటించేదే. అదొక్కటే చూడండి, నాడి అక్కర్లేదు అన్నచోటనే తేడా వచ్చింది. ఆయన ప్రోత్సాహంతో ఈ ఊరి పార్సీ మహిళ రూపాబాయి ఫర్దూన్‌జీ గారు మత్తు ఇవ్వడం నేర్చుకుని, 1909లో పై చదువుకు ఎడిన్‌బరో కూడా వెళ్లివచ్చారు. ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తు డాక్టరు ఆమేనని చెబుతారు. మన ఆడపిల్లలు నర్సింగ్, మెడిసిన్ చదివేటప్పుడు ఆమె పేరు వినాలి.

అంకె తప్పు చెప్పినప్పుడు

ఇప్పుడు నుదుటి పట్టీ దగ్గరకు రండి. అది చూపే అంకె కూడా ఒక గుర్తే. మోసపోవడానికి దానికీ కారణాలున్నాయి.

కెటమిన్ అనే మందు ఇస్తే రోగి గాఢంగా మత్తులో ఉన్నా అంకె పైకి పోవచ్చు. డాక్టరుకు సంగతి తెలుసు గనుక ఊరుకుంటారు. యంత్రం ఒక్కటే ఉంటే "మెలకువ వస్తోంది" అనుకుని మరింత మందు తోస్తుంది. నుదుటి కండరాలు బిగుసుకున్నా, రక్తస్రావం ఆపడానికి వాడే కాటరీ దగ్గరలో పనిచేస్తున్నా అంకె చెదురుతుంది. ఇంకొక వింత, 2003లోనూ మళ్లీ 2015లోనూ, పూర్తి మెలకువతో ఉన్న వాలంటీర్లకు కండరాలు వదులుచేసే మందు మాత్రమే ఇచ్చి చూశారు. వారు అన్నీ వింటూనే ఉన్నారు, అంకె మాత్రం మత్తులో ఉన్నవారిలాగా కిందికి పడిపోయింది.

ఇంకొక మాట నర్సుగా చెబుతాను. మందు సిరంజి నుండి బయలుదేరినంత మాత్రాన నరంలోకి చేరినట్లు కాదు. సూది నరం నుండి జారితే మందు చర్మం కింద చేరి చెయ్యి ఉబ్బుతుంది. రోగికి మత్తు తగ్గుతుంది, అంకె పెరుగుతుంది, పంపు ఇంకా తోస్తుంది, అదీ చర్మం కిందకే. ఈ సంగతి కంప్యూటరుకు తెలియదు. దుప్పటి ఎత్తి చెయ్యి చూసే మనిషికి తెలుస్తుంది. అందుకే నరం ద్వారానే మత్తు నడుస్తున్నప్పుడు ఆ చెయ్యి గుడ్డల కింద పూర్తిగా దాచవద్దని మేము కొత్త సిస్టర్లకు చెబుతాం. ప్రోపోఫాల్ 1 శాతం, 2 శాతం అని రెండు రకాలుగా వస్తుంది. పంపులో 1 శాతం అని నమోదు చేసి 2 శాతం నింపితే మోతాదు రెట్టింపు. అందుకని సీసా మీది పేరు, శాతం ఇద్దరం బిగ్గరగా చదువుకున్నాకే పంపుకు ఎక్కిస్తాం. కరెంటు పోతే ఏమవుతుందని తరచూ అడుగుతారు. ఈ పంపులకు లోపలే బ్యాటరీ ఉంటుంది. అది నిండుగా ఉందో లేదో ఉదయమే చూడడం కూడా మా పనులలో ఒకటి.

మనిషిని పక్కన పెట్టి మత్తు ఇవ్వాలన్న ఆలోచన అసలు రాలేదా అంటే, దాని దగ్గరదాకా వచ్చింది. పెద్దపేగు పరీక్షల వంటి వాటికి తేలికపాటి మత్తు ఇవ్వడానికి సెడాసిస్ అనే యంత్రానికి అమెరికాలో 2013లో అనుమతి దొరికింది. రోగి చేతిలో ఒక పిడి ఉంటుంది. అది వణికి, చెవిలో "నొక్కండి" అని చెబుతుంది. రోగి నొక్కడం ఆలస్యమైతే మందు తగ్గిస్తుంది. చక్కని ఉపాయమే. కానీ ఆసుపత్రులు పెద్దగా కొనలేదు, 2016లో కంపెనీయే దానిని వెనక్కి తీసుకుంది. అదే అమెరికాలో 2022లో ఇంకొక రకానికి అనుమతి వచ్చింది. ముక్కు ద్వారా ఇచ్చే మత్తు వాయువును, రోగి వదిలే గాలిలో కొలిచి, డాక్టరు చెప్పిన స్థాయిలో యంత్రమే నిలబెడుతుంది. డాక్టరు మాత్రం అక్కడే ఉండాలి. నాకు ఈ రెండవ దారే మంచిదనిపిస్తుంది. నిమిషానికి పదిసార్లు చేసే చిల్లర పని యంత్రం చేయనివ్వండి, అప్పుడు డాక్టరు చూపు రోగి మీద ఎక్కువసేపు నిలుస్తుంది.

మీరు చెప్పవలసినవి

యంత్రమైనా మనిషైనా లెక్క మొదలుపెట్టేది మీరిచ్చిన వివరాలతోనే. ముందుగా మత్తు డాక్టరు మిమ్మల్ని చూడడానికి వచ్చినప్పుడు ఇంటివారందరినీ చుట్టూ నిలబెట్టుకోకండి. మద్యం సంగతి భార్య ముందు చెప్పలేనివారు, సిగరెట్టు సంగతి తండ్రి ముందు చెప్పలేనివారు ఉంటారు. కావాలంటే మాతో చెప్పండి, మేము వారిని కాసేపు బయట కూర్చోమంటాం. ఎంత, ఎన్ని రోజులకొకసారి అన్నది ఉన్నదున్నట్లు కావాలి. నిద్రమాత్రలు, ఆందోళనకు వాడే మాత్రలు, ఆయుర్వేదం మందులు కూడా చెప్పాలి. షుగరుకో బరువు తగ్గడానికో ఈమధ్య వారానికొకసారి పొడుచుకునే ఇంజెక్షన్లు వచ్చాయి. అవి కడుపు ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తాయి. మీరు రాత్రి నుండి ఏమీ తినకపోయినా కడుపులో ఆహారం మిగిలి ఉండవచ్చు. కాబట్టి ఏ రోజు చివరిది తీసుకున్నారో తప్పక చెప్పండి. రాత్రి షిఫ్టులు చేసేవారు గురకపెట్టి, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచే అలవాటుంటే అదీ చెప్పాలి. మీకు తెలియకపోతే ఇంట్లోవారికి తెలిసే ఉంటుంది.

కుటుంబంలో ఎవరికైనా మత్తులో విపరీతమైన జ్వరం వచ్చిందా, ఎవరైనా చాలా ఆలస్యంగా లేచారా, మీకే పూర్వం ఏదైనా ఆపరేషన్‌లో మధ్యలో మాటలు వినిపించాయా అన్నవి చిన్న విషయాలని వదిలేయకండి. మెలకువ వచ్చిందని చెబితే నవ్వుతారేమో అని ఏళ్ల తరబడి దాచుకున్నవారిని నేను చూశాను. ఎవరూ నవ్వరు.

డిశ్చార్జి అయ్యేటప్పుడు ఆపరేషన్ వివరాలతో పాటు ఏ మత్తు ఇచ్చారో, ఇబ్బంది ఏమైనా కలిగిందో రాసిన కాగితం కూడా అడిగి తీసుకోండి. స్కానింగ్ ఫిల్ములతో పాటు ఫైలులో పెట్టండి. ఫోనులో ఫోటో తీసి ఉంచుకుంటే ఇంకా మంచిది. ఈసారి వచ్చేటప్పుడు కాగితం ఇంట్లో మరిచిపోయినా ఫోను మరిచిపోరు కదా.